లెక్కల్లోంచి పుట్టిన నక్షత్రాలు



పాలపుంత మొత్తాన్ని ఒక కంప్యూటర్ ఆటలో ఇమడ్చాలనుకున్నవాళ్లు ఉన్నారు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఫ్రాంటియర్ డెవలప్‌మెంట్స్ అనే సంస్థ ఉంది. ఆ సంస్థ 2014 డిసెంబరు 16న 'ఎలీట్ డేంజరస్' అనే ఆటను విడుదల చేసింది. అందులో మన చేతికి ఒక అంతరిక్ష నౌక వస్తుంది. దాంతో సరుకు రవాణా చేసుకోవచ్చు, దోపిడీదొంగలతో పోరాడవచ్చు, గ్రహశకలాల్లో ఖనిజాలు తవ్వుకోవచ్చు. ఇవేవీ పట్టనివాళ్లు జనావాసాలన్నీ దాటి, మనిషి జాడ లేని దూరాలకు బయలుదేరతారు. అలా బయలుదేరినవాళ్ల గురించీ, వాళ్లకు తారసపడే విచిత్రమైన నక్షత్ర కుటుంబాల గురించీ ఇవాళ చెప్పుకుందాం.

ఆ ఆటలో ఉన్న నక్షత్ర కుటుంబాలు దాదాపు 40 వేల కోట్లు. నిద్రాహారాలు మాని సెకనుకు ఒకటి చొప్పున చూసుకుంటూ పోయినా అన్నీ చూడడానికి 12 వేల ఏళ్లు దాటుతుంది. ఆట వచ్చి పదేళ్లు దాటింది, లక్షల మంది ఆడారు. అయినా అందరూ కలిసి చూసింది నూటికి ఒక వంతు కూడా లేదు.

మరి ఇన్ని కోట్ల నక్షత్రాలను ఎవరు కూర్చుని తయారుచేశారు? ఎవరూ చేయలేదు. అసలు విశేషం అక్కడే ఉంది.

ఈ కథ మొదలైంది 1984లో. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న డేవిడ్ బ్రేబెన్, ఇయాన్ బెల్ అనే ఇద్దరు కుర్రాళ్లు బీబీసీ మైక్రో అనే చిన్న కంప్యూటర్ కోసం 'ఎలీట్' అనే ఆట రాశారు. ఆ యంత్రానికి ఉన్న జ్ఞాపకశక్తి 32 కిలోబైట్లు. ఇవాళ మన ఫోనులో ఒక్క ఫొటోకి కూడా ఆ చోటు చాలదు. అంత ఇరుకులో వాళ్లు ఎనిమిది గెలాక్సీలు పెట్టారు, ఒక్కోదానిలో 256 నక్షత్రాలు. ఒక్కో నక్షత్రానికి పేరు, ప్రభుత్వం, జనాభా, సరుకుల ధరలు అన్నీ ఉన్నాయి. ఎలా పట్టాయంటే, వాళ్లు నక్షత్రాలను దాచలేదు, నక్షత్రాలను పుట్టించే సూత్రాన్ని దాచారు. ముగ్గు వేసే ఆవిడ తన తలలో వంద ముగ్గుల బొమ్మలు మోసుకు తిరగదు. ఇన్ని చుక్కలు, ఇన్ని వరసలు, చుక్క చుట్టూ గీత ఇలా తిరగాలి అన్న లెక్క తెలిస్తే చాలు, ముగ్గు వాకిట్లో దానంతటదే వస్తుంది. ఇక్కడా అంతే. మొదట ఒక అంకె ఇస్తే, సూత్రం దాన్ని తిప్పి తిప్పి ఒక లోకాన్ని బయటికి తీస్తుంది. అదే అంకె మళ్లీ ఇస్తే మళ్లీ అదే లోకం వస్తుంది. ఆ పద్ధతిలో కోటానుకోట్ల గెలాక్సీలు పుట్టించే వీలున్నా, అన్ని ఉంటే ఆటగాడికి నమ్మశక్యంగా ఉండదని ప్రచురణకర్తలు ఎనిమిదితో ఆపించారు.

ముప్పై ఏళ్ల తరవాత ఆ పద్ధతినే కొత్త ఆటలో పెంచి పెద్దది చేశారు. ఈసారి సూత్రానికి భౌతికశాస్త్రం తోడైంది. పాలపుంతలో ఈ మూల ఎంత పదార్థం ఉంది, దాని వయసెంత, అందులో బరువైన మూలకాల పాలెంత అన్న లెక్కతో మొదలై, ఏ నక్షత్రం ఏర్పడుతుంది, దాని చుట్టూ ఏ గ్రహాలు నిలుస్తాయి, ఏది రాయిగా మిగులుతుంది, ఏది మంచుగా గడ్డకడుతుంది అన్నదాకా పోతుంది. మీరు ఒక నక్షత్రం దగ్గరికి వెళ్లే క్షణం వరకు దాన్ని ఆట తయారుచేసినవాళ్లు కూడా చూసి ఉండరు. సూత్రం వాళ్లదే కానీ, ఫలితం వాళ్లకూ కొత్తే.

అయితే ఇందులో అన్నీ లెక్కలోంచి వచ్చినవి కావు. లక్షన్నర దాకా అసలు నక్షత్రాలు ఉన్నాయి. ఖగోళ శాస్త్రజ్ఞుల జాబితాల నుంచి తెచ్చి, ఆకాశంలో ఎక్కడ ఉన్నవి అక్కడే పెట్టినవి. ఆటలో చాలా నక్షత్రాల పేర్ల ముందు హెచ్.ఐ.పి. అనే మూడక్షరాలు కనిపిస్తాయి. అవి హిప్పార్కస్ ఉపగ్రహానికి గుర్తు. ఐరోపా అంతరిక్ష సంస్థ 1989లో పంపిన ఆ ఉపగ్రహం సుమారు లక్షా 18 వేల నక్షత్రాల స్థానాన్ని, దూరాన్ని అప్పటిదాకా లేనంత కచ్చితంగా కొలిచింది.

నక్షత్రాల జాబితాల మాట వచ్చింది కనుక హైదరాబాద్ గురించి చెప్పి తీరాలి. 1887లో పారిస్‌లో మొదలైన ఒక అంతర్జాతీయ సంకల్పం ఉంది. ఆకాశమంతా ఫొటోలు తీసి, నక్షత్రాలన్నిటి స్థానాలు కొలవాలని దేశదేశాల వేధశాలలు ఆకాశాన్ని పంచుకున్నాయి. మన నిజామియా వేధశాలకు దక్షిణాకాశంలో 17 నుంచి 23 డిగ్రీల మధ్య ఉన్న పట్టీ వచ్చింది. తరవాత ఉత్తరాన మరో పట్టీని కూడా ఒప్పుకున్నారు. బేగంపేటలో గాజు పలకల మీద ఫొటోలు తీసి, ఒక్కో చుక్కను సూక్ష్మదర్శినిలో చూసి కొలిచి, ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాలను నమోదు చేశారు. ఆ కొలతలు అటకెక్కలేదు. 2000వ సంవత్సరంలో టైకో-2 అనే 25 లక్షల నక్షత్రాల జాబితా వచ్చింది. నక్షత్రాలు వందేళ్లలో ఎంత జరిగాయో తేల్చడానికి దాన్ని కూర్చినవాళ్లు హైదరాబాద్‌తో సహా ఆ పాత వేధశాలల కొలతలనే ఆధారం చేసుకున్నారు.

అంటే ఈ ఆటలో రెండు రకాల నక్షత్రాలు ఉన్నాయన్నమాట. మనిషి కొలిచినవి కొన్ని, సూత్రం ఊహించినవి కోట్లు. ఈ తేడా గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి వద్దాం.

ఇప్పుడు ఒక అన్వేషకుడి పని ఎలా ఉంటుందో దగ్గరగా చూద్దాం. నౌక ఒక నక్షత్రం నుంచి మరో నక్షత్రానికి ఒక్క గెంతులో పోతుంది. దీన్ని జంప్ అంటారు. మంచి నౌకైతే ఒక జంప్‌కి 50 కాంతి సంవత్సరాలు దాటుతుంది. పాలపుంత నడిబొడ్డుకు మన సూర్యుడి నుంచి దాదాపు 26 వేల కాంతి సంవత్సరాలు కనుక, అక్కడికి చేరడానికి అయిదు వందలకు పైగా జంప్‌లు కావాలి. జంప్ పూర్తయిన మరుక్షణం ఎదురుగా నక్షత్రం తెరనిండా మండుతూ ప్రత్యక్షమవుతుంది. చేయాల్సిన మొదటి పని బటన్ నొక్కిపట్టి స్కానర్ మోగించడం. అది ఓడ భోంకారంలా గట్టిగా మోగుతుంది. ఆటగాళ్లు దీనికి 'హాంక్' అని పేరు పెట్టుకున్నారు. ఆ మోతతో అక్కడ ఎన్ని గోళాలున్నాయో తెలుస్తుంది, ఏమిటన్నది మాత్రం తెలియదు.

రెండో పని అచ్చం రేడియో తిప్పడంలా ఉంటుంది. తెర అడుగున ఒక పట్టీ ఉంటుంది. దాని మీద ముల్లును ఎడమ నుంచి కుడికి జరుపుతూ పోతే, ఒక్కో చోట ఒక్కో రకం గోళం తగులుతుంది. లోహపు గ్రహాలు ఒక చోట, మంచు గ్రహాలు ఒక చోట, వాయు గ్రహాలు మరో చోట. స్టేషన్ సరిగ్గా తగిలాక ఆ గోళం మీదికి గురిపెట్టి దగ్గరికి లాగితే గ్రహం కనిపిస్తుంది. వినిపిస్తుంది కూడా. ఒక్కో రకం గ్రహానికి ఒక్కో ధ్వని పెట్టారు. అనుభవం ఉన్నవాళ్లు బొమ్మ పూర్తిగా రాకముందే చప్పుడును బట్టి ఇది నీళ్లున్న గ్రహమని చెప్పేస్తారు.

ఈ సమాచారాన్ని జనావాసాలకు తిరిగి తెచ్చి అప్పగిస్తేనే, ఆ గ్రహం మొదట కనుగొన్నవారిగా మన పేరు దాని మీద పడుతుంది. దారిలో నౌక పేలిపోతే నెలల శ్రమ గాల్లో కలిసిపోతుంది. ఇంధనం అయిపోవడం ఇంకో భయం. నక్షత్రం అంచున ఎగురుతూ దాని వాయువునే తోడుకోవచ్చు కానీ, అన్ని నక్షత్రాలూ ఇంధనం ఇవ్వవు. ఓ, బి, ఎ, ఎఫ్, జి, కె, ఎమ్ అన్న ఏడు తరగతులవే ఇస్తాయి. నక్షత్రంగా వెలగలేకపోయిన గోధుమ మరుగుజ్జులు, న్యూట్రాన్ నక్షత్రాలు చుక్క కూడా ఇవ్వవు. అలా నడిదారిలో చిక్కుకుపోయినవాళ్లకు ఇంధనం మోసుకెళ్లి ఇవ్వడానికి 'ఫ్యూయల్ ర్యాట్స్' అని ఆటగాళ్లే 2015లో ఒక స్వచ్ఛంద దళం పెట్టుకున్నారు. పైసా తీసుకోరు. ఇన్ని భయాలున్నా 2019 జనవరిలో 'డిస్టెంట్ వరల్డ్స్ 2' అనే యాత్ర బయలుదేరింది. పదమూడు వేల మందికి పైగా పేర్లిచ్చిన ఆ గుంపు గమ్యం, పాలపుంత అవతలి అంచున 65 వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న బీగిల్ పాయింట్.

ఇక వింతల సంగతికి వద్దాం.

మొదటిది న్యూట్రాన్ నక్షత్రం. సూర్యుడి కంటే బరువైన పదార్థం అడ్డంగా 20 కిలోమీటర్ల గోళంలోకి కుంగిపోయినది. ఇలాంటివి నిజంగా ఉన్నాయని మొదట దొరకబుచ్చుకున్నది 1967లో కేంబ్రిడ్జి పరిశోధక విద్యార్థిని జోసెలిన్ బెల్. రేడియో టెలిస్కోపు కాగితం మీద క్రమం తప్పకుండా పడుతున్న చిన్న గుర్తును ఆమె పట్టుకుంది. ఆటలో దీని దగ్గరికి వెళ్లినప్పుడు నక్షత్రం కంటికి ఆనదు. నీలి తెలుపు చుక్క ఒకటి, దానికి అటూ ఇటూ లక్షల కిలోమీటర్ల పొడవున రెండు వెలుగు ధారలు, మొత్తం గిర్రున తిరుగుతూ ఉంటుంది. అన్వేషకులు కావాలనే ఆ ధార అంచులోకి నౌకను నడుపుతారు. లోపల నౌక అదుపు తప్పి ఊగిపోతుంది, ముక్కు ఎటు పోతుందో తెలియదు. కాసేపు ఓర్చుకుని బయటపడితే తరువాతి జంప్ నాలుగు రెట్లు దూరం పోతుంది. నక్షత్రం చనిపోయాక మిగిలే తెల్ల మరుగుజ్జు దగ్గరా ఇలాంటి ధారే ఉంటుంది కానీ, లాభం ఒకటిన్నర రెట్లే, ప్రమాదం మాత్రం ఇంకా ఎక్కువ. అనుభవజ్ఞులు దాని జోలికి పోరు.

ఏ నక్షత్రం తెల్ల మరుగుజ్జుగా ఆగిపోవాలి, ఏది అంతకుమించి కుంగిపోవాలి అన్నదానికి ఒక గీత ఉంది. ఆ గీత గీసినవాడు మనవాడే. 1930లో పంతొమ్మిదేళ్ల సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ బొంబాయి నుంచి ఇంగ్లండుకు ఓడలో వెళుతూ ఆ లెక్క మొదలుపెట్టాడు. సూర్యుడికి సుమారు 1.4 రెట్ల బరువు దాటితే తెల్ల మరుగుజ్జు నిలబడలేదని తేల్చాడు.

రెండో వింత మనకు అతి దగ్గరి పొరుగు, ఆల్ఫా సెంటారీ. ఇక్కడ రెండు నక్షత్రాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతుంటే, ప్రాక్సిమా అనే మూడోది ఎక్కడో దూరాన వాటి చుట్టూ తిరుగుతుంది. ఒక్క చుట్టుకు అయిదున్నర లక్షల ఏళ్లు పడుతుంది. ఆటలో ఒకే కుటుంబంలో ఇక్కణ్ణుంచి అక్కడికి పోవడం మామూలుగా కొన్ని నిమిషాల పని. ఇక్కడ మాత్రం దూరాన ఉన్న ఆ మూడో నక్షత్రం దగ్గర 'హటన్ ఆర్బిటల్' అనే కేంద్రం పెట్టారు. కాంతి వేగానికి వెయ్యి రెట్లకు పైగా వేగంతో పోయినా మామూలు నౌకకు గంటన్నర దాకా పడుతుంది. అక్కడికి వెళ్తే ఖరీదైన నౌక ఉచితంగా ఇస్తారని పాత ఆటగాళ్లు కొత్తవాళ్లను ఆటపట్టించి పంపుతుంటారు. ఇచ్చేదేమీ ఉండదు. అయితే ఆ గంటన్నర కూర్చున్నవాడికి 'మూడు నక్షత్రాల కుటుంబం' అంటే ఎంత విశాలమో ఏ పాఠ్యపుస్తకం చెప్పనంత బాగా తెలిసొస్తుంది.

మూడోది కృష్ణబిలం. పాలపుంత మధ్యలో సూర్యుడికి 40 లక్షల రెట్లకు పైగా బరువున్న సాజిటేరియస్ ఎ స్టార్ ఉంది. దాని చుట్టూ నక్షత్రాలు తిరిగే తీరును ఏళ్ల తరబడి కొలిచినందుకు రైన్‌హార్డ్ గెంజెల్, ఆండ్రియా గెజ్‌లకు 2020లో నోబెల్ వచ్చింది. 2022 మే 12న దాని చిత్రం విడుదలైంది, చీకటి చుట్టూ మండే వలయంతో. ఆటలో ఆ వలయం ఉండదు. నల్లటి చోటు ఒకటి, దాని చుట్టూ వెనకనున్న నక్షత్రాల వెలుగు వంగి, సాగి, వలయాలు కట్టి కనిపిస్తుంది. మనం జరుగుతుంటే పాలపుంత తెల్లపట్టీ మొత్తం దాని చుట్టూ చుట్టుకుని విడిపోతుంది. గురుత్వాకర్షణ వెలుగును వంచుతుందన్న మాట చదవడం వేరు, నౌకను అటూ ఇటూ నడిపి వంచుకుంటూ చూడడం వేరు.

వీటికోసం గాలించేవాళ్లు చేసే పని ఒకటి భలే ఉంటుంది. సూత్రం పుట్టించిన నక్షత్రాల పేర్ల చివర ఒక అక్షరం, కొన్ని అంకెలు ఉంటాయి. ఆ అక్షరం ఎ నుంచి హెచ్ దాకా ఏదో ఒకటి. ఎన్నో వేల పేర్లు సరిపోల్చి, ఆ అక్షరం అక్కడున్న మొత్తం బరువుకు గుర్తని ఆటగాళ్లు పట్టేశారు. ఎ అంటే తేలిక, హెచ్ అంటే మహాబరువు. కృష్ణబిలాలు కావలసినవాళ్లు పటంలో హెచ్ వెతుక్కుంటారు, భూమిలాంటి గ్రహాలు కావలసినవాళ్లు డి దగ్గర తిరుగుతారు. సూత్రం ఎలా ఆలోచిస్తుందో దాని ఫలితాల నుంచే రాబట్టడం ఇది. శాస్త్రజ్ఞులు ప్రకృతి విషయంలో చేసే పనీ ఇదే.

ఇప్పుడు ఇందాక గుర్తుంచుకోమన్న తేడా దగ్గరికి వద్దాం.

2017 ఫిబ్రవరి 22న నాసా ఒక ప్రకటన చేసింది. బెల్జియంలోని లియేజ్ విశ్వవిద్యాలయానికి చెందిన మికాయెల్ జియోన్ బృందం, మనకు 40 కాంతి సంవత్సరాల దూరంలో ట్రాపిస్ట్-1 అనే బుల్లి ఎర్ర నక్షత్రం చుట్టూ భూమిని పోలిన పరిమాణంలో ఏడు రాతి గ్రహాలు కనిపెట్టిందని. ఆ ఏడూ నక్షత్రానికి ఎంత దగ్గరంటే, మన బుధుడి కక్ష్యలోపలే అన్నీ ఇమిడిపోతాయి. అన్నిటికంటే లోపలిదానికి ఏడాది అంటే ఒకటిన్నర రోజు, బయటిదానికి పంతొమ్మిది రోజులు. వాటి చుట్లు తాళం తప్పవు. ఒకటి ఎనిమిది చుట్లు తిరిగేసరికి పక్కది అయిదు, మరోచోట ఒకటి మూడు తిరిగేసరికి పక్కది రెండు.

ఆ వార్త రాగానే ఆట తయారుచేసినవాళ్లు తమ పటంలో అదే చోటు చూసుకున్నారు. సరిగ్గా ఆ ప్రాంతంలో, దాదాపు అంతే దూరంలో, ఒక గోధుమ మరుగుజ్జు, దాని చుట్టూ ఏడు రాతి గ్రహాలు. సూత్రం ఎప్పుడో పుట్టించి పెట్టింది. దాని పేరు చివర ఉన్న అక్షరం, మనం అనుకున్నట్టే, ఎ. తరవాత దానికి ట్రాపిస్ట్-1 అని పేరు మార్చి, కొలతలు సరిచేశారు.

ఇది విని ఆట జోస్యం చెప్పిందని చాలామంది సంబరపడ్డారు. కొంచెం ఆగి చూడాలి. మన చుట్టుపక్కల కంటికి కనపడని చిన్న మసక నక్షత్రాలు చాలా ఉంటాయని, వాటికి దగ్గర దగ్గరగా రాతి గ్రహాలు ఉండే వీలుందని భౌతికశాస్త్రం చెబుతుంది. సూత్రం ఆ మాట విని అలాంటివి వేలకు వేలు చల్లింది. వాటిలో ఒకటి సరిగ్గా అక్కడే పడడం అదృష్టం. ఆ రకం కుటుంబం సాధ్యమేనని ముందే లెక్కలోకి రావడం మాత్రం అదృష్టం కాదు, శాస్త్రం బలం. ఈ రెంటినీ విడదీసి మెచ్చుకోవాలి. పైగా లెక్క చెప్పలేనివీ ఉంటాయి. 2023లో జేమ్స్ వెబ్ టెలిస్కోపు ట్రాపిస్ట్ లోపలి గ్రహం పగటి వైపు వేడిని కొలిస్తే 230 డిగ్రీల సెల్సియస్ దాకా వచ్చింది. చెప్పుకోదగ్గ వాతావరణం ఉండకపోవచ్చని దాంతో సూచన దొరికింది. ఆ మాట కొలిస్తేనే తెలిసింది.

ఇంకో ఉదాహరణ చెబుతాను. ఎప్సిలాన్ ఇండీ అని మనకు పన్నెండు కాంతి సంవత్సరాల దూరంలో ఒక నక్షత్రం ఉంది. ఆటలో అక్కడ న్యూ ఆఫ్రికా అనే గ్రహం చుట్టూ మిట్టెరాండ్ హాలో అనే చందమామ తిరుగుతుంది. ఎంత వేగమంటే, ఎదురుగా నిలబడితే కళ్లముందే గిర్రున వచ్చి పోతుంది. కెప్లర్ సూత్రం ఏ రకంగానూ ఒప్పుకోని వేగమది. ఇది నక్షత్రాలను పుట్టించే సూత్రం తప్పు కాదు, బహుశా మనిషి చేత్తో పెట్టిన లోకంలో దొర్లిన అంకెల పొరపాటు. ఆటగాళ్లు దీన్ని చూడడానికే యాత్రలు చేస్తారు. తమాషా ఏమిటంటే, అదే ఎప్సిలాన్ ఇండీ దగ్గర నిజంగా ఉన్న వింత ఇంతకంటే గొప్పది. ఆ నక్షత్రం చుట్టూ ఒకదాన్నొకటి చుట్టుకుంటూ జంటగా తిరిగే రెండు గోధుమ మరుగుజ్జులు ఉన్నాయని 2003లో తెలిసింది.

ఇలా ఆటలో కనిపించే ప్రతి వింతా మూడింటిలో ఒకటవుతుంది. కొలిచి తెలుసుకున్నది, లెక్క వేసి ఊహించినది, పొరపాటున వచ్చినది. మూడూ తెరమీద ఒకే తీరున మెరుస్తాయి. చూసి ముచ్చటపడి వచ్చేసేవాడు పర్యాటకుడు. ఇది మూడింటిలో ఏదని అడిగేవాడు అన్వేషకుడు.

ఆ ప్రశ్న అడగడానికి ఖరీదైన కంప్యూటరే ఉండాలని లేదు. స్టెల్లేరియం, సెలెస్టియా అనే సాఫ్ట్‌వేర్లు ఉచితం. మామూలు కంప్యూటర్లో పనిచేస్తాయి. వాటిలో సప్తర్షి మండలంలో వసిష్ఠుణ్ణి, పక్కనున్న అరుంధతిని వెతకండి. పెళ్లిలో కొత్త దంపతులకు చూపించే జంట అది. పదిహేడో శతాబ్దంలో టెలిస్కోపు పెట్టి చూస్తే వసిష్ఠుడు రెండు నక్షత్రాలని తేలింది. 1889లో హార్వర్డ్‌లో వెలుగును విడదీసి చూస్తే ఆ రెంటిలో పెద్దది మళ్లీ రెండని బయటపడింది. రెండోది కూడా జంటేనని తరవాత తెలిసింది. 2009లో అరుంధతికీ ఒక చిన్న ఎర్రటి తోడు ఉందని కనుగొన్నారు. కంటికి రెండుగా కనిపించేవి మొత్తం ఆరు నక్షత్రాలు, మనకు 80 కాంతి సంవత్సరాలకు పైగా దూరంలో ఒకే వైపు కలిసి ప్రయాణిస్తున్నాయి. ఏ ఆట సూత్రమూ పుట్టించింది కాదు, నాలుగు వందల ఏళ్లలో ఒక్కొక్కటిగా కొలిచి తెలుసుకున్నది.

మీ ఇంట్లో పిల్లలు ఇలాంటి ఆట ఆడుతుంటే, టైము వృథా అని కసరే ముందు ఒక్కసారి పక్కన కూర్చోండి. తెరమీద ఉన్న ఆ నక్షత్రం నిజంగా ఉందా, ఉందని ఎవరు కొలిచారు, ఎలా కొలిచారు అని అడగండి. జవాబు వెతకడం మొదలుపెడితే ఆ కుర్రాడో ఆ అమ్మాయో ఆటలోంచి ఖగోళశాస్త్రంలోకి నడిచి వచ్చేస్తారు. రేపు పత్రికలో మరో కొత్త భూమి దొరికిందన్న వార్త వస్తే, అది కొలతా ఊహా అని మిమ్మల్నే ఎదురు ప్రశ్న వేస్తారు.